జిగురు ఆల్బమ్ నుంచి పెరటి నాటకాల ఫోటోలు తీయడం

ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ నాన్నగారూ స్నేహితులూ పెరట్లో దుప్పటి తెరకట్టి ఆడిన నాటకాల ఫోటోలు జిగురు ఆల్బమ్‌కి అతుక్కుపోయాయన్నారు కదండీ. దయచేసి లాగకండి, తడపకండి. తడిస్తే పైనున్న జెలటిన్ పొర ఉబ్బి మొహాలే ఊడొస్తాయి. ముందు ప్రతి పేజీనీ ఫోన్‌తో తీసిపెట్టుకోండి. తర్వాత మూల దగ్గర ఫోటో వెనక్కి డెంటల్ ఫ్లాస్ (పళ్ల సందులు శుభ్రం చేసుకునే సన్నటి దారం) దూర్చి, నెమ్మదిగా అటూ ఇటూ జరపండి. మొండికేస్తే పేజీతో సహా స్కాన్ చేయించండి, చాలు.

ఏ కాలానివో తెలియాలంటే వెనక స్టూడియో ముద్ర చూడండి. గంజాం జిల్లా అని ఉంటే దాదాపుగా 1992కి ముందువే. గంజాం నుంచి విడదీసి, పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాని ఏర్పరిచింది ఆ ఏడాదే.

అన్నిటికన్నా ముఖ్యం, ఆడవేషం కట్టిందెవరో, హార్మోనియం ముందు కూర్చుందెవరో నాన్నగారిని ఈ వారమే అడగండి. ఆ పేర్లు ఫోటో వెనక మెత్తటి పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ వద్దు, ఆ ఒత్తిడి బొమ్మవైపు గీతలా తేలుతుంది.