లాంజ్‌లో అనౌన్స్‌మెంట్ వినిపిస్తుందా?

ప్రశ్న: అమ్మానాన్నలకి మొదటిసారి ఇంటర్నేషనల్ బిజినెస్ క్లాస్ టికెట్ తీశానండి, ఎయిర్‌పోర్ట్‌లో లాంజ్‌లోకి (ఫ్లైట్ టైమయ్యేదాకా కూర్చునే ప్రత్యేకమైన హాల్) వెళ్లాలంటే వేరే కార్డేమైనా కావాలా?

జవాబు: అక్కర్లేదండి, చాలా ఎయిర్‌లైన్స్‌లో బోర్డింగ్ పాస్ చూపిస్తే చాలు, రిసెప్షన్‌లో స్కాన్ చేసి పంపిస్తారు, కాకపోతే చాలా చోట్ల ఫ్లైట్‌కి 3 గంటల లోపే రానిస్తారు. తిండి, కాఫీ, వైఫై ఫ్రీయే. కొన్ని పెద్ద లాంజుల్లో షవర్ కూడా ఉంటుంది, ఒక ఫ్లైట్ దిగి ఇంకోటి ఎక్కేవాళ్లకి అది నిజంగా ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, వెళ్లగానే పేరు రాయించుకోమనండి. నాకు భయమల్లా ఒక్కటే, చాలా లాంజుల్లో బోర్డింగ్ అనౌన్స్‌మెంట్లు చెయ్యరు, మెత్తటి కుర్చీలో నాన్నగారికి కునుకు పట్టిందంటే అంతే, గేటేమో 15-20 నిమిషాల ముందే మూసేస్తారు. అందుకే ఫోన్‌లో అలారం మీరే పెట్టివ్వండి.