ఫొటోల్లో కింది సగం బూడిద రంగు: తప్పు హార్డ్‌డిస్క్‌దేనా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర చిన్న ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలు కెమెరా కార్డు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాక కొన్నింట్లో కింది సగం బూడిద రంగులోకి పోతోంది. కార్డులో మాత్రం అవే ఫొటోలు బాగున్నాయి. జిప్ చేసి తెరిస్తే ఒక్కోసారి లోపలి డేటా సరిపోలడం లేదంటూ సీఆర్‌సీ ఎర్రర్ వస్తోంది. షాపులో చెప్పారని కొత్త హార్డ్‌డిస్క్ వేయించాం, అయినా అంతే. చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: ముందు ఆ కార్డులు ఫార్మాట్ చేయకండి, ఇప్పుడు మీకున్న మంచి కాపీ అదొక్కటే.

నా అనుమానం ర్యామ్ మీద, అంటే కంప్యూటర్ పని చేసేటప్పుడు డేటాను తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ మీద. డిస్క్ పాడైతే మామూలుగా మనకు తెలిసిపోతుంది, కాపీ మధ్యలో ఆగిపోతుంది లేదా చదవలేనంటుంది, ఎందుకంటే అది రాసే ప్రతి సెక్టార్‌తో (డేటా రాసే చిన్న గడితో) పాటు తప్పు పట్టే కోడ్ కూడా రాసుకుంటుంది. మామూలు ర్యామ్‌కు అంత కాపలా ఉండదు. ఏ ఫైలైనా దాని మీదుగానే వెళ్తుంది కాబట్టి అక్కడ ఒక్క 0 కాస్తా 1 అయితే చాలు, జేపెగ్‌లో ఆ చోటు నుంచి కిందంతా చెడిపోవచ్చు. కార్డ్ రీడర్ తప్పయితే జిప్‌కు సీఆర్‌సీ ఎర్రర్ రాకూడదు, పాడైన ఫొటోనైనా జిప్ ఉన్నదున్నట్టే కట్టేస్తుంది కదా.

7-జిప్ ఉంటే ఒక పెద్ద వీడియో మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్‌ఏ-256 (ఫైల్‌లోని డేటా నుంచి లెక్కగట్టే, వేలిముద్ర లాంటి కోడ్) చూడండి, రీస్టార్ట్ చేసి మళ్లీ చూడండి. ముట్టుకోని ఫైల్‌కు ప్రతిసారీ అదే రావాలి. మారిందంటే చదివే దారిలోనే ఎక్కడో తేడా ఉన్నట్టు.

తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దాంతో బూట్ చేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి ఎర్ర గీత ఒక్కటి కనిపించినా వదలొద్దు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ర్యామ్ స్పీడ్ పెంచే ఎక్స్‌ఎంపీ ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ టెస్ట్ చేయండి, అప్పుడు ఎర్రర్లు పోతే ర్యామ్‌ను దాని మామూలు స్పీడ్‌లోనే వాడుకోవచ్చు. లేకపోతే ఒక్కో స్టిక్ విడిగా పెట్టి చూస్తే చెడ్డది దొరికిపోతుంది, అదొక్కటి మారిస్తే సరి.

ర్యామ్ శుభ్రంగా వస్తే అప్పుడు డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో ప్రోగ్రామ్‌లో సీ7 వరుసలోని రా వాల్యూ (డిస్క్‌కీ కంప్యూటర్‌కీ మధ్య డేటా వెళ్లేటప్పుడు వచ్చిన తప్పుల లెక్క) చూడండి. అది రోజురోజుకీ పెరుగుతుంటే డిస్క్‌ను కలిపే సాటా కేబుల్ మార్చాలి.

పాత డిస్క్ పారేయకండి, అదే ప్రోగ్రామ్‌లో 05, సీ5 వరుసల (పాడైన, అనుమానం ఉన్న సెక్టార్ల లెక్క) రా వాల్యూ రెండూ సున్నా ఉంటే అది చాలావరకు బాగున్నట్టే. కానీ ఈ కంప్యూటర్ మీదుగా ఈమధ్య తీసుకున్న బ్యాకప్‌లు మాత్రం నమ్మొద్దు, ర్యామ్ సంగతి తేలాక కార్డుల నుంచే మళ్లీ ఎక్కించండి.