మొదటి టాటూ మణికట్టు మీదా, పక్కటెముకల మీదా? నొప్పి ఓర్చుకోవడం ఎలా?

మణికట్టు లోపలివైపు రెండంగుళాల్లో పేరు, చుట్టూ ఓ పూలతీగ వేయించుకోవాలని ఉందన్నారు. పక్కటెముకలైతే నొప్పి ఎక్కువంటున్నారు, మత్తు క్రీమ్ రాసుకోవచ్చా అని కూడా అడిగారు. సూటిగా చెప్తాను: నొప్పిని చూసి చోటు ఎంచుకోకండి. నొప్పి ఆ గంటో రెండు గంటలో, బొమ్మ మాత్రం జీవితాంతం. ముందు చోటు, తర్వాత సైజు, ఆఖర్న డిజైన్. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు, అందుకే నాలుగేళ్లకే చెరిపించుకోవడానికి తిరుగుతుంటారు.

ఇంకు నిలిచేది పైపొరలో కాదు, దాని కింద, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో. సూది ఇంకా లోపలికి దిగితే ఇంకు కొవ్వులోకి పాకి గీత చుట్టూ నీలంగా మసక కమ్ముతుంది. సరిగ్గా వేసినా ఏళ్లు గడిచేకొద్దీ ప్రతి గీతా కాస్త లావెక్కుతుంది. మన అక్షరాల్లో సున్నాలూ మెలికలూ ఎక్కువ. ‘ఘ’, ‘ఝ’ లాంటివి, కింద వత్తు ఉన్నవి చిన్నగా రాయిస్తే లోపలి ఖాళీ పూడిపోయి నల్లచుక్క మిగులుతుంది. ఆ ఖాళీ కనీసం రెండు మిల్లీమీటర్లుండాలి, మూడైతే నిశ్చింత. రెండంగుళాల్లో పేరు పడుతుంది గానీ తీగ పట్టదు. తీగైనా వదలండి, లేదా మొత్తం ముంజేతి మీదికి జరపండి. మణికట్టు మడతకు రెండు వేళ్ల దూరం ఎలాగూ ఉండాలి, మడతల్లో ఇంకు సరిగ్గా నిలవదు.

నెట్లో కనిపించే ఫొటోలు ఎక్కువగా వేసిన పది నిమిషాలకు తీసినవే. ఆర్టిస్టును మానిన టాటూల ఫొటోలు అడగండి, ఏడాది దాటినవైతే మరీ మంచిది. అవి చూపించడానికి నసిగేవాళ్ల దగ్గర వేయించుకోవద్దు.

స్టెన్సిల్ (సూది పెట్టే ముందు చర్మం మీద అంటించే డిజైన్ నకలు) దగ్గర మొహమాటం అస్సలు వద్దు. అరచెయ్యి పైకి పెట్టి అంటించినప్పుడు తిన్నగా ఉన్న గీత, చెయ్యి కిందికి వదలగానే మెలి తిరుగుతుంది. ముంజేతిలో ఉన్న రెండెముకల్లో ఒకటి రెండోదాని మీదుగా తిరగడమే కారణం. అందుకని నిలబడి, చేతులు మామూలుగా వదిలేసి అంటించుకోండి. అద్దంలో అక్షరాలు తిరగబడతాయి, ఫొటో తీయించి చూసుకోండి. నచ్చకపోతే తుడిచి మళ్లీ అంటించమనండి, ఎన్నిసార్లయినా సరే. తెలుగు అతికిస్తే కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో వత్తులు ఊడిపోయి పొల్లు విడిగా పడుతుంది. ఆర్టిస్టుకు తెలుగు రాకపోతే అది తప్పని కూడా తెలియదు, కాబట్టి ప్రతి అక్షరం మీరే సరిచూడాలి. సరిపోయాక పది పదిహేను నిమిషాలు ఆరనివ్వండి, లేకపోతే మొదటి తుడుపుకే చెరిగిపోతుంది.

ఇక నొప్పి. దండచెయ్యి బయటివైపు, తొడ, పిక్క తేలిక. పక్కటెముకలు, చంక, మోచేతి మడత, మోకాలి వెనక, పాదం పైభాగం కష్టం. గీతలు వేసేటప్పుడు బ్లేడుతో గీరినట్టుంటుంది. షేడింగ్‌కి, అంటే లోపల రంగు నింపేటప్పుడు, అదే చోట మళ్లీ మళ్లీ సూది తిరుగుతుంది కాబట్టి మంట ఎక్కువ. గంటన్నర ముందు కడుపునిండా తినండి, ముందురోజు మద్యం ముట్టొద్దు. సూది తాకగానే ఊపిరి బిగబట్టకుండా నెమ్మదిగా బయటికి వదలండి. మాటిమాటికీ ఆపించకండి, మళ్లీ మొదలెట్టినప్పుడల్లా ఇంకా నొప్పేస్తుంది. కళ్లు తిరిగినా, చెమట పట్టినా మాత్రం వెంటనే చెప్పి పడుకోండి. అది బీపీ పడిపోవడం, పిరికితనం కాదు.

క్రీమ్ విషయంలో జాగ్రత్త. ఈ మత్తు క్రీముల్లో ఉండే లిడోకైన్ అనే మందుని పెద్ద భాగానికి మందంగా పూసి ప్లాస్టిక్ చుట్టేస్తే మందు ఒంట్లోకి ఎక్కువగా పోయి గుండె లయ తప్పొచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. లిడోకైన్ 4 శాతం మించినవి వాడొద్దని 2024లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీరనుకున్న రెండంగుళాల పేరుకైతే అసలు అక్కర్లేదు, అరగంట పని.

పాత దెబ్బల మచ్చలు ఉబ్బి గట్టిపడే తత్వం మీకుంటే మాత్రం ఇదంతా పక్కనబెట్టి ముందు చర్మవైద్యుణ్ణి కలవండి.