గురక వినిపించేది గొంతులో, పుట్టేది కాళ్లలో

"మా ఆయనకు స్లీప్ ఆప్నియా, అంటే నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు, ఉందన్నారు. రాత్రిళ్లు గొంతులోకి గాలి ఊదే మాస్క్ మెషిన్ పెట్టుకోమన్నారు. రోజూ వ్యాయామం చేస్తే మెషిన్ లేకుండా బయటపడొచ్చా?" అని ఒక చెల్లెమ్మ అడిగింది. నేను డాక్టర్ని కాదు. అనంతపురంలో ఒక చీరల షాపులో క్యాష్ కౌంటర్ దగ్గర కూర్చుంటాను, రాత్రి అదే మాస్క్ పెట్టుకుని పడుకుంటాను. నా అర్హత అంతే.

తగ్గుతుందమ్మా. బరువు తగ్గకపోయినా ఆప్నియా తగ్గుతుంది. ఈ రెండో ముక్క మాత్రం ఎవరూ చెప్పరు.

అసలు మన దగ్గర ఈ జబ్బు బయటపడేసరికే ఏళ్లు గడిచిపోతాయి. ఇల్లు అదిరేలా గురక పెడుతుంటే "పాపం, అలిసిపోయి ఎంత బాగా నిద్రపోతున్నాడో" అనుకుంటారు. పైగా కుంభకర్ణుడని జోకులు. గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపు చప్పుడే లేకుండా ఉండి, ఆ తర్వాత మనిషి ఒక్క ఉదుటున గాలి మింగుతాడు చూడండి, అది మంచి నిద్ర ఎలా అవుతుంది? గొంతులో కండరాలు వదులై, తడిసిన గుడ్డసంచి లోపలి వైపు అతుక్కున్నట్టు గాలి దారి మూసుకుపోతుంది. మెదడు తట్టి లేపితే గానీ ఊపిరి ఆడదు. రాత్రంతా ఇదే పని. తెల్లారి లేచాక మనకేమీ గుర్తుండదు, తల మాత్రం దిమ్ముగా ఉంటుంది.

నా సంగతి బయటపెట్టింది ఒక ముసలామె. శ్రావణమాసం, షాపు కిటకిటలాడుతోంది. కళ్యాణదుర్గం వైపు నుంచి పెళ్లివారు వచ్చారు. ధర్మవరం పట్టుచీరలు పరుపు నిండా పరిపించి, మధ్యాహ్నం దాకా బేరమాడి, చివరికి ఒక మెరూన్ చీర ఖాయం చేశారు. నేను బిల్లు బుక్కు తీసి చీర నంబరు రాశాను. ధర రాయబోతుండగా ఎక్కడికో వెళ్లిపోయాను. మళ్లీ కళ్లు తెరిచేసరికి పెన్ను గీత అంకెల మీదుగా కిందికి జారి, కార్బన్ కాగితం దాటి, కౌంటర్ అద్దం మీదికి పాకి ఉంది. ఎదురుగా పెళ్లికూతురి అవ్వ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నన్నే చూస్తోంది.

"ఏమప్పా, బిల్లు రాస్తా రాస్తా నిద్రపోతాండావే? రాత్రిపూట గుర్రు పెడ్తావా?"

నేను తల ఊపాను. "మా ఇంటాయప్ప గూడా ఇట్లనే. ముద్ద చేతిలో పట్టుకోని నిద్రపోయేటోడు. నవ్వులాట గాదు నాయనా, డాక్టరుకు చూపిచ్చుకో" అంది. మా షావుకారు ముఖం ఎర్రగా చేసుకుని నిలబడ్డాడు. ఆ సందులో పెళ్లికూతురి మేనమామ ఇంకో ఐదొందలు తగ్గించుకున్నాడు. తెలివైనవాడు.

పరీక్ష ఇంట్లోనే చేశారు. వేలికి క్లిప్పు, ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్న గొట్టం. ఊపిరి కనీసం పది సెకన్లు ఆగడమో బాగా తగ్గడమో గంటకు ఎన్నిసార్లు జరిగిందో లెక్క తీస్తారు. 5 లోపు ఉంటే ఫర్వాలేదు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. నాది 30 దాటింది. మెషిన్ పెట్టుకో, బరువు తగ్గు అన్నారు.

బరువు అనగానే అందరూ జిమ్‌కు పరిగెత్తుతారు. నేనూ వెళ్లాను. అక్కడి కుర్రాడు నా గురక సంగతి విని "కండ పెడితే అన్నీ పోతాయన్నా" అని ప్రోటీన్ డబ్బా అంటగట్టాలని చూశాడు. కండ ఉంటే ఈ జబ్బు రాదనుకుంటే పొరపాటు. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే భారీ మనుషుల్లో ఇది బాగా ఎక్కువని తేలింది. మగవాళ్లకు మెడ చుట్టుకొలత 17 అంగుళాలు దాటితే అనుమానించాల్సిందే, అది కొవ్వయినా కండయినా. జిమ్ మానేసి పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడక మొదలుపెట్టాను.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు విషయం. షాపులో పొద్దున కూర్చుంటే రాత్రి దాకా స్టూలు మీద కాళ్లు వేలాడదీసుకుని ఉండటమే. సాయంత్రానికి చెప్పు పట్టీ అచ్చు పాదం మీద ఎర్రగా దిగబడి, ఇంటికెళ్లి స్నానం చేసినా పోయేది కాదు. గుండె, కిడ్నీ, థైరాయిడ్ అన్నీ చూపించాను, బాగానే ఉన్నాయి. మరి ఆ వాపు ఏమిటి? పగలంతా కదలని కాళ్లలో నీరు చేరుతుంది. రాత్రి పడుకోగానే ఆ నీరు పైకి జరిగి మెడలో చేరి, గాలి దారిని ఇరుకు చేస్తుంది. ఇది నా సొంత కల్పన కాదు. కెనడాలోని టొరంటో పరిశోధకులు 2009లోనే ఊబకాయం లేని మగవాళ్లలో కొలిచి చూపించారు. నడిస్తే పిక్కల కండరం బిగుసుకుని ఆ నీటిని పగలే ఎప్పటికప్పుడు పైకి తోసేస్తుంది, రాత్రికి కాళ్లలో మిగలనివ్వదు. అందుకే గురక పుట్టేది కాళ్లలో అంటాను. మా డాక్టరు నవ్వి "అదొక కారణం మాత్రమే" అన్నాడు. అననీయండి. నా చెప్పు పట్టీ అచ్చు మాయమైన నెలలోనే పగటి కునుకులు తగ్గాయి, నాకది చాలు.

2011లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. 43 మందిని తీసుకుని, కొందరి చేత వారానికి 150 నిమిషాల వ్యాయామం, కొందరి చేత ఉత్త స్ట్రెచింగ్ 12 వారాలు చేయించారు. వ్యాయామం చేసినవాళ్ల లెక్క సగటున 32 నుంచి 25 దగ్గరికి దిగింది. వాళ్ల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. నాదీ అదే కథ. రెండోసారి పరీక్షలో లెక్క 20ల్లోకి వచ్చింది, బెల్టు మాత్రం అదే బెజ్జంలో ఉంది. బరువుతో పని లేదనడం లేదు. పది శాతం బరువు పెరిగితే ఈ లెక్క మూడో వంతు దాకా పెరుగుతుందని 2000లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు తేల్చారు. కానీ కాటా ముల్లు కదలడం లేదని రెండో నెలలోనే నడక మానేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకో రకం ఉన్నారు. మైదానంలో రెండు రౌండ్లు కొట్టి, నేరుగా బండి దగ్గరికెళ్లి ప్లేటు ఉగ్గాని, నాలుగు మిరపకాయ బజ్జీలు లాగించి "వాకింగ్ చేసినా ఏం లాభం లేదప్పా" అంటారు. బజ్జీ తినొద్దని చెప్పడానికి నేనెవరిని, నేనూ ఆదివారం తింటాను. నడకను తిట్టొద్దంటున్నా, అంతే. రాత్రి మందు వేసే అలవాటుంటే మాత్రం మీ ఆయన చేత మాన్పించండి. అది గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవడమూ చాలామందికి పనిచేస్తుంది.

గొంతుకూ వ్యాయామం ఉంది. జైపూర్ డాక్టర్లు 30 మందితో చేసిన చిన్న అధ్యయనం 2025లో వచ్చింది. వారానికి ఐదు రోజులు పావుగంట చొప్పున ఆరు నెలలు శంఖం ఊదినవాళ్లకు పగటి నిద్రమత్తు తగ్గింది, ఊపిరి ఆగడమూ కొంత తగ్గింది. నేనూ ఒకటి కొన్నాను. పక్కింటివాళ్లు ఏ పూజ జరుగుతోందని అడిగారు. నా ఊపుడుకు శంఖం ఇంకా సరిగా పలకడం లేదు గానీ బుగ్గలు మాత్రం నొప్పెడుతున్నాయి.

మెషిన్ సంగతి అడిగారు కదా. దాన్ని ఇప్పుడే అటక ఎక్కించకండి. మెషిన్ ఆ రాత్రి నుంచే పని చేస్తుంది, నడకకు నెలలు పడుతుంది. మీ ఆయన బండి నడిపే మనిషైతే ఇంకా జాగ్రత్త, గుత్తి దాకా హైవే మీద ఒక్క కునుకు చాలు. మాస్క్ మొదట్లో ముక్కు మీద ఒరుసుకుని చిరాకు పెడుతుంది, సైజు మార్పించండి. ఎండాకాలం కరెంటు పోతే మెషిన్ ఆగిపోతుంది, ఇన్వర్టర్‌కు కలిపి పెట్టుకోండి. మూడు నాలుగు నెలలు నడిచాక మళ్లీ పరీక్ష చేయించి, ఆ కాగితం డాక్టరు చేతిలో పెట్టి అప్పుడు అడగండి. నాకైతే మెషిన్ తీసేయలేదు, ప్రెషర్ తగ్గించారు.

నడక మాత్రం రేపే మొదలుపెట్టించండి. ఎండాకాలంలో ఐదింటికే లేపాలి. మన ఊళ్లో ఏడు దాటితే నడవమన్నా ఎవరూ నడవరు.