నీరు కారని వేడర్లు కావాలంటే ముందు కుట్లు చూడండి

వాషింగ్టన్ రాష్ట్రానికి కొత్తగా వచ్చానని, చలికాలంలో స్టీల్‌హెడ్ చేపల కోసం నదిలో దిగడానికీ, మిత్రులతో కలిసి బాతుల వేటకు వెళ్లడానికీ పనికొచ్చేవి, నీరు కారనివి, చాలాకాలం మన్నేవి అయిన వేడర్లు (నీళ్లలో దిగేటప్పుడు బట్టల మీద తొడుక్కునే, పాదాల నుంచి ఛాతీ దాకా వచ్చే తొడుగులు) ఏ కంపెనీవి కొనాలో చెప్పమని మీరు అడిగారు. ఒక కంపెనీ పేరు చెప్పి ఊరుకోవడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఇక్కడి నదుల్లో ఏళ్ల తరబడి నడుము లోతు నీళ్లలో నిలబడి గాలం వేస్తున్నవాడిగా నేను గట్టిగా నమ్మేది ఇది: వేడర్లు మీ కాళ్లకు ఎంత సరిగ్గా అమరాయి, చిల్లు పడిన రోజున దాన్ని మీరే వెతికి పట్టుకుని అతికించుకోగలరా అనే రెండింటి మీదే వాటి ఆయుష్షు ఆధారపడి ఉంటుంది. పేరూ ధరా ఆ తరవాతి సంగతులు.

దుకాణంలో అద్దం ముందు నిటారుగా నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. ఒక కాలు కుర్చీ మీదికి ఎత్తి పెట్టండి, గొంతుక్కూర్చోండి, మోకాళ్ల మీద వంగండి. ఈ రాష్ట్రంలో నదిలో సహజంగా పుట్టిన స్టీల్‌హెడ్‌ను నీటిలో నుంచి పూర్తిగా పైకి ఎత్తడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి, గాలం తీసి చేపను వదిలేటప్పుడు మీరు గులకరాళ్ల మీద మోకాళ్లు ఆనించి వంగక తప్పదు. ఆ భంగిమలో మోకాలి దగ్గర గుడ్డ బిగిసినా, కాళ్ల సందున కుట్టు లాగుతున్నట్టు అనిపించినా ఆ జత ఎంత ఖరీదైనదైనా వదిలేయండి. నాలుగు వైపుల నుంచి వచ్చే కుట్లు కలిసే చోటు ఆ కాళ్ల సందే. వాటి మీద లోపలి వైపు అతికించిన పట్టీ అడుగడుగునా వంగి, లాగుడు పడి, చివరికి అంచుల దగ్గర లేస్తుంది. మరీ వదులుగా ఉన్నా ఇబ్బందే, నడుస్తున్నప్పుడు రెండు మోకాళ్ల లోపలి భాగాలు ఒకదానితో ఒకటి ఒరుసుకుని పొర అరిగిపోతుంది. కొందరు తయారీదారులు కాలి కుట్టును లోపలి అంచు నుంచి తప్పించి ముందుకూ వెనక్కూ జరిపారు. వేడర్ల తయారీలో వచ్చిన మార్పులన్నిటిలోకీ నాకు మేలైనదిగా తోచేది అదే. అమ్మేవాళ్లు మూడు పొరలు, నాలుగు పొరలు, అయిదు పొరలు అంటూ చెప్పే లెక్కను అంతగా పట్టించుకోనక్కరలేదు, కుట్టు ఎక్కడ ఉందో చూడండి.

కొలతల విషయంలో మనవాళ్లు చాలామంది ఇక్కడ ఇబ్బంది పడుతున్నారు, దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు బాధగా ఉంటుంది. పొట్టకు సరిపోయే జత తీసుకుంటే కాళ్ల దగ్గర జానెడు గుడ్డ మిగులుతుంది. ఆ మిగిలిన గుడ్డ చీలమండ పైన ముడతలు పడి, బూటు అంచుకు రాసుకుంటూ, అందరికన్నా ముందు అక్కడే చిరుగుతుంది. పొట్టి కాళ్లవారి కొలతలు కంపెనీల జాబితాల్లో ఉంటాయి గాని దుకాణాల్లో తొడుక్కుని చూడటానికి దొరకవు. అందువల్ల వాపసు తీసుకుంటామని రాతపూర్వకంగా చెప్పిన చోటే తెప్పించుకోండి, ఇంట్లో తివాచీ మీద తొడుక్కుని నేను చెప్పినవన్నీ చేసి చూసిన తరవాతే చీటీ తెంపండి.

ఇక చిల్లు సంగతి. స్కైకోమిష్ నది మీద, గోల్డ్ బార్ ఊరికి దగ్గరలో, రైటర్ పాండ్స్ అనే చేపపిల్లల పెంపక కేంద్రం ఉంది. చలికాలపు స్టీల్‌హెడ్ కోసం జనం బారులు తీరే చోటు అది. ఒక జనవరి ఉదయం అక్కడ నీళ్లలోకి దిగిన కాసేపటికే నా ఎడమ తొడ లోపలి వైపు సన్నగా చల్లదనం పాకింది. మధ్యాహ్నమయ్యేసరికి ఆ నీరు పాదం దగ్గర చేరి ఉన్ని మేజోడును నానబెట్టింది, వేళ్లు మొద్దుబారాయి. వేళ్లకు స్పర్శ తెలియనప్పుడు నాచు పట్టిన రాయి మీద అడుగు నిలిచిందో జారుతోందో కూడా తెలియదు. లీకును ఏదో చిన్న అసౌకర్యంగా కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించకపోవడానికి కారణం ఇదే.

ఆ రోజు నాతో వచ్చినవారు మా పశ్చిమ గోదావరి జిల్లా మనిషే, ఆకివీడు దగ్గర పుట్టి ఎన్నో ఏళ్ల క్రితమే ఇక్కడ స్థిరపడిన పెద్దాయన, నేను బాబాయ్ గారు అని పిలుస్తాను. సాయంత్రం వాళ్ల గ్యారేజీలో ఆయన నా వేడర్లను పూర్తిగా ఆరనిచ్చి, లోపలి వైపు బయటికి తిప్పి, దండేనికి తగిలించారు. మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను పిచికారీ సీసాలో పోసి, తొడ నుంచి మొదలుపెట్టి నెమ్మదిగా కిందికి తడుపుతూ వచ్చారు. తొడ దగ్గర, ఎవరైనా ముందుగా అనుమానించే కుట్టు మీద, ఏ మచ్చా కనిపించలేదు. మోకాలి వెనక్కి వచ్చేసరికి బూడిదరంగు గుడ్డ మీద ఆవగింజంత నల్లటి చుక్క తేలింది. చూస్తుండగానే దాని పక్కన మరొకటి, ఆ పక్కన ఇంకొకటి, పిక్క మీదుగా ఒకే వంపులో వరసగా బయటపడ్డాయి.

“చూడు నాయనా, కుట్టు నిక్షేపంలా ఉంది. రేవులోకి దిగే దారిలో ముళ్లకొమ్మ నీ కాలికి చుట్టుకుంది,” అన్నారాయన.

“మరి చలి తొడ దగ్గర తగిలిందేమిటి బాబాయ్ గారూ?”

“లోపల ఉన్ని బట్ట వేసుకున్నావుగా, నీరు దాన్ని పట్టుకుని పైకి పాకుతుంది.”

ఇది ప్రతి ఒక్కరూ గుర్తుంచుకోవలసిన మాట. తడి తగిలిన చోటే చిల్లు ఉంటుందన్న నమ్మకంతో మంచి కుట్ల మీద జిగురు పూసి, అసలు చిల్లును వదిలేసి, వేడర్లు పాడైపోయాయని పారేసేవారిని నేను చూశాను. బాబాయ్ గారు ఆ చుక్కలన్నిటికీ పెన్నుతో గుర్తు పెట్టి, ఆల్కహాల్ ఆరిపోయాక, ఆక్వాసీల్ అనే యురెథేన్ జిగురును ఒక్కొక్క చుక్క మీదా వేలిగోరంత మేర పలచగా పూసి, రాత్రంతా కదపకుండా ఉంచారు. ఆ జత ఇప్పటికీ నా వాడుకలో ఉంది. ఆ ముళ్లు హిమాలయన్ బ్లాక్‌బెర్రీవి. 1885లో లూథర్ బర్బాంక్ పండ్ల కోసం అమెరికాలో ప్రవేశపెట్టిన ఈ మొక్క నేడు పశ్చిమ వాషింగ్టన్‌లో నది గట్లన్నిటినీ ఆక్రమించింది. దాని కొంకి ముళ్ల ముందు ఏ కంపెనీ గుడ్డా నిలవదని నా అభిప్రాయం. దారి పొడవునా ఉన్నా సరే, చుట్టూ తిరిగి వెళ్లండి.

లోపల తడిగా ఉన్నదంతా లీకే అనుకోవడం కూడా పొరపాటు. గాలి ఆడే వేడర్లలో ఉండే సన్నని పొర చెమట ఆవిరిని బయటికి పంపుతుంది. అయితే గట్టు మీద చాలా దూరం నడిచి వేడెక్కిన మనిషి ఒక్కసారిగా మంచులాంటి నదిలో దిగితే, ఆ ఆవిరి బయటపడక ముందే చల్లబడి లోపలి గోడ మీద నీరుగా మారుతుంది. ఆ తడి పలచగా, కాళ్లంతటా సమానంగా ఉంటుంది. లీకు తడి ఒకచోట మొదలై, చురుక్కుమనే చల్లదనంతో వ్యాపించి, చివరికి పాదంలో చేరుతుంది. ఈ తేడా గమనించకుండా కొన్న వారానికే ఒక నక్షత్రం ఇచ్చి తిట్టిపోసే సమీక్షలను చదివి మీరు నిర్ణయం తీసుకోవద్దని నా మనవి.

బాతుల వేటకు మాత్రం వేరే జత ఉండాలి. స్కాజిట్ డెల్టాలో తెల్లవారకముందే బురదలో మోకాళ్ల మీద కూర్చుని, కదలకుండా గంటలు గడిపే పనికి, నదిలో రాళ్ల మధ్య నడిచే పనికి పోలిక లేదు. కదలని మనిషికి వెచ్చదనం కావాలి కనుక, 5 మిల్లీమీటర్ల మందం గల నియోప్రీన్ (నురగలాంటి మెత్తటి రబ్బరు), దానికే అతికించిన రబ్బరు బూట్లు అక్కడ మేలు. బూట్లు విడిగా తొడుక్కునే రకమైతే, వాటికీ వేడర్ల చివర కలిపి ఉండే మేజోడుకూ మధ్య బురద, ఇసుక చేరి, అడుగు అడుగుకూ నూరుకుంటూ పాదం దగ్గరి కుట్టును తినేస్తాయి. అదే నియోప్రీన్ తొడుక్కుని నది వెంట మైళ్లు నడిస్తే చెమటతో ఉడికిపోతారు. రెంటికీ ఒకే జత అని అమ్మేవి రెండు చోట్లా సగం పనే చేస్తాయి. నియోప్రీన్ మీద ఆల్కహాల్ పరీక్ష పనిచేయదని కూడా గమనించండి. చీకటి గదిలో లోపల దీపం పెట్టి చూస్తే పెద్ద చిల్లులు తెలుస్తాయి, చిన్నవాటి కోసం లోపల నీళ్లు నింపి బయట ఎక్కడ చెమరుస్తోందో చూడాలి.

ఎంత మంచి జతనైనా తడిగా చుట్టి కారు డిక్కీలో పడేస్తే పట్టీల జిగురు వదులుతుంది, బూజు పడుతుంది. ఇంటికి రాగానే లోపలా బయటా ఆరబెట్టి, ఎండ తగలని చోట వేలాడదీయండి. రబ్బరు బూట్లున్న జతను మోటార్లు తిరిగే యంత్రాల పక్కన ఉంచవద్దు, వాటి నుంచి వెలువడే ఓజోను రబ్బరును పగలగొడుతుంది. జీవితకాలం హామీ అని రాసిన చోట ఎవరి జీవితకాలమో, ముల్లు గుచ్చుకుంటే వర్తిస్తుందో లేదో చదివి చూడండి. ఒక దుకాణంలో నాకు చెప్పిన హామీ తీరా కుట్టు లేచిపోయాక అరుగుదల అనే ఒక్క మాటతో ఎగిరిపోయింది, దాని మీద నాకు ఇంకా కోపం తగ్గలేదు.

మీ డబ్బు ఎలా పంచుకోవాలంటే, నది కోసం విడి బూట్లతో వాడే, గాలి ఆడే మధ్యరకం ధర జతను, మోకాలి పరీక్షలో నెగ్గినదాన్ని తీసుకోండి. బాతుల కోసం చవక నియోప్రీన్ జత చాలు. బూట్ల అడుగున ఫెల్టు (ఒత్తిన ఉన్నిలాంటి గుడ్డ) అట్ట వద్దు, రబ్బరు అట్టకు ఇనుప మేకులు వేయించుకోండి. తడి ఫెల్టు ఒక నదిలోని నాచును మరో నదికి మోస్తుందన్న కారణంతో అలాస్కాలో 2012లో, యెల్లోస్టోన్ పార్కులో 2018లో దాన్ని నిషేధించారు, మీరు రేపు యెల్లోస్టోన్ వెళ్లాలన్నా ఆ బూట్లు పనికిరావు. మిగిలిన డబ్బుతో వెడల్పాటి, సాగే బెల్టు ఒకటి కొనుక్కోండి. పడిపోయినప్పుడు నీరు ఒక్కసారిగా కాళ్లలోకి దూసుకుపోకుండా ఆపేది అదొక్కటే. అది నడుముకు బిగించుకోకుండా స్కైకోమిష్‌లో మోకాలి లోతుకైనా దిగవద్దు.