బీపీ మాత్రతో పాదాల వాపు.. ఆ నీరు ఎక్కడిది?

ప్రశ్న: నా వయసు 52. నాలుగు నెలల క్రితం బీపీకి ఆమ్లోడిపిన్ మొదలుపెట్టారు. మొదట 5 మి.గ్రా., ఇప్పుడు 10. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. నెల రోజులుగా సాయంత్రానికి రెండు పాదాలూ వాస్తున్నాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. పొద్దున లేచేసరికి చాలావరకు తగ్గుతోంది. గుండె, కిడ్నీ, లివర్ పరీక్షలన్నీ నార్మల్ అన్నారు. బీపీ కూడా కంట్రోల్‌లోనే ఉంది. మరి ఈ నీరు ఎక్కడి నుంచి వస్తోంది? నీళ్లు తాగడం తగ్గించాలా?

సమాధానం: నీళ్లు తగ్గించొద్దు. మీ ఒంట్లో నీరు ఎక్కువైనట్టు లేదు. రక్తనాళాల్లో ఉండాల్సినది కొంత బయటికి వచ్చి పాదాల్లో చేరుతోంది. మీరు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం ఆ మాత్ర మీదే.

ఇదంతా జరిగేది కేశనాళికల్లో, అంటే అన్నిటికంటే సన్నని రక్తనాళాల్లో. పేరుకి వెంట్రుకలే గానీ ఇవి వెంట్రుక కంటే చాలా సన్నం. కొన్నిచోట్ల ఎర్ర రక్తకణం కూడా ఒళ్లు వంచుకుని దూరాల్సిందే. గోడ మందం ఒక్క కణమే. అందుకే ఆక్సిజన్, గ్లూకోజ్ సులువుగా కణజాలంలోకి వెళ్తాయి, కొంత నీరూ చెమర్చినట్టు బయటికొస్తుంది. లోపలి రక్తపు ఒత్తిడి నీటిని బయటికి తోస్తుంటే, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. ఈ లెక్కను 1896లో స్టార్లింగ్ అనే శాస్త్రవేత్త తేల్చారు. బయటికొచ్చిన నీరు దాదాపు అంతా కేశనాళికల చివర్లోనే తిరిగి లోపలికి పోతుందని మేం చదువుకున్నాం. అది పూర్తిగా నిజం కాదు. చాలా అవయవాల్లో ఆ నీటిని వెనక్కి చేర్చే పని ఎక్కువగా లింఫ్ నాళాలదేనని ఇప్పుడు తెలుసు. కణజాలంలోని నీటిని పోగుచేసి మళ్లీ రక్తంలో కలిపే సన్నని గొట్టాలివి, వాటిలో పారే ద్రవమే లింఫ్.

ఏ కేశనాళికలోకి ఎంత రక్తం వెళ్లాలో నిర్ణయించేది వాటికి ముందుండే చిరుధమనులు. వాటి గోడలో కండరం ఉంటుంది, కేశనాళికకు ఉండదు. మీరు నడుస్తుంటే పిక్క కండరంలో ఆక్సిజన్ తగ్గి, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అది పసిగట్టి అక్కడి చిరుధమనులు తెరుచుకుంటాయి. మెదడు చెప్పేదాకా ఆగవు. పంటకాలువ తూము లాంటివనుకోండి. పెద్ద ధమనుల్లో సగటున 90 దాకా ఉండే ఒత్తిడి, ఈ తూము దాటి కేశనాళికలోకి అడుగుపెట్టేసరికి సుమారు 35కి పడిపోతుంది.

ఆమ్లోడిపిన్ ఈ తూములనే వెడల్పు చేస్తుంది. బీపీ తగ్గేది అందుకే. కానీ తూము తెరిస్తే దిగువన ఒత్తిడి పెరుగుతుంది కదా! బయటికి పారే సిరలను మాత్రం ఈ మందు అంతగా వదులు చేయదు. వచ్చేది ఎక్కువ, పోయే దారి పాతదే. పైన బీపీ తగ్గినా కింద కేశనాళికల్లో ఒత్తిడి పెరిగేది ఇలాగే. పైగా మనం నిలబడినప్పుడు పాదాల్లోని చిరుధమనులు తమంతట తామే బిగుసుకుని కేశనాళికలను కాపాడతాయి. ఈ మందు ఆ బిగువునూ సడలిస్తుంది. డోసు పెరిగేకొద్దీ వాపు ఎక్కువ కావడం మామూలే, మీకు 10కి పెంచాక మొదలైందా అన్నది ఒకసారి గుర్తు చేసుకోండి.

చాలామంది ఈ వాపుకి మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర వేసుకుంటారు. పెద్దగా పనిచేయదు, ఎందుకంటే ఇక్కడ ఒంట్లో నీరు పేరుకోలేదు. ఆమ్లోడిపిన్‌ను మీ అంతట మీరు ఆపేయొద్దు, బీపీ మళ్లీ పెరుగుతుంది. మీ డాక్టర్‌తో మాట్లాడితే డోసు తగ్గించవచ్చు, లేదా టెల్మిసార్టాన్ లాంటి మరో బీపీ మందు జత చేయవచ్చు. ఆ రకం మందులు సిరల వైపు దారిని కూడా వదులు చేస్తాయి కాబట్టి వాపు తగ్గుతుంది. అవసరమైతే మందే మారుస్తారు.

ఈలోగా గంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. పిక్క కండరం బిగిసిన ప్రతిసారీ సిరల్లోని రక్తాన్ని పైకి తోస్తుంది, లింఫ్‌ కూడా కదులుతుంది. కుర్చీలోంచి లేవడం కుదరకపోతే మడమలు పైకీ కిందకీ ఆడించినా కొంత ఫలితం ఉంటుంది. రాత్రి పాదాల కింద దిండు పెట్టుకోండి.

వాపు ఒక్క కాలికే వచ్చి నొప్పిగా, ఎర్రగా ఉన్నా, ఆయాసం వచ్చినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి. పొద్దున ముఖం ఉబ్బడం, మూత్రంలో నురగ కనిపిస్తే కిడ్నీ పరీక్ష మళ్లీ చేయించాలి.