రోజూ వెళ్లే పార్కును, అక్కడికొచ్చే మనుషుల్ని ఫోటోలు తీయడం ఎలా మొదలుపెట్టాలి?

మీరు రెండు ఇబ్బందులు రాశారు. ఇంటి దగ్గరి పార్కు బాగా అలవాటైపోయి అందులో తీయడానికి ఏమీ కనిపించడం లేదన్నది ఒకటి. రోజూ ఎదురుపడేవాళ్ల ముందు కెమెరా తీయాలంటే టెన్షన్‌గా ఉంటుందన్నది రెండోది. నేనూ ఇంటికి దగ్గర్లోని ఒక చిన్న పార్కును కొన్నేళ్లుగా ఫోటోలు తీస్తున్నాను. నా అనుభవంలో రెండోది తీరితే మొదటిది సగం తీరిపోతుంది. అందుకే మనుషుల సంగతి ముందు చెబుతాను.

కొత్త చోటికి వెళ్లి ఫోటోలు తీసేవాళ్లు తీసి వెళ్లిపోతారు. మీరు మాత్రం రేపు పొద్దున మళ్లీ అదే మనిషికి ఎదురుపడాలి. మీ టెన్షన్‌కు కారణం అదే. నిజానికి మీ బలం కూడా అదే. మనిషి రేపు కూడా వస్తాడు కాబట్టి ఇవాళే తీసి తీరాలన్న తొందర మీకు ఉండదు. మొదట్లో కెమెరా మెడలో వేసుకుని మామూలుగా నడవండి. చెట్లూ బెంచీలూ నీడలూ తీస్తూ ఉండండి. కొన్నాళ్లకు ఎవరో ఒకరు "ఏం తీస్తున్నారు?" అని అడుగుతారు. అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పండి: ఈ పార్కునూ ఇక్కడికొచ్చేవాళ్లనూ ఏడాది పొడుగునా తీద్దామనుకుంటున్నాను, మీకిష్టమైతే మిమ్మల్నీ తీస్తాను, ఫోటో ప్రింట్ తీయించి ఇస్తాను. నేను చెప్పేదీ దాదాపు ఇంతే. వద్దంటే సరే అని ముందుకు వెళ్లిపోతాను, మళ్లీ అడగను. అలా వద్దన్న ఒక పెద్దాయన చాలా రోజుల తర్వాత తనంతట తనే వచ్చి "మా మనవడితో ఒకటి తీసిపెడతారా?" అన్నారు. ఆ మధ్యలో నేను ఆయన్ని ఒక్కసారి కూడా దొంగచాటుగా తీయలేదు. ఆయన అది గమనించారనే నా నమ్మకం.

ఇస్తానన్న ప్రింట్ మాత్రం తప్పకుండా ఇవ్వాలి. ఫోన్లో పంపడం వేరు, చేతికి కాగితం ఇవ్వడం వేరు. ప్రింట్‌ను పక్కవాళ్లకు చూపిస్తారు, దాని గురించి మాట్లాడతారు, తమకెలా కావాలో చెబుతారు. పార్కులో ఆకులు ఊడ్చే ఒకామెకు ఆమె పని చేస్తున్న ఫోటో ఇచ్చాను. పొద్దుటి వెలుతురు, లేచిన దుమ్ము, వంగిన నడుము, అన్నీ ఉన్న ఫోటో అది. ఆమె కాసేపు చూసి "బాగుంది, కానీ ఇందులో నా ముఖం ఎక్కడుంది?" అంది. తర్వాత చీపురు పక్కన పెట్టి, జుట్టు సవరించుకుని, తనకు నచ్చిన చెట్టు కింద నిటారుగా నిలబడింది. ఇప్పుడు ఆ రెండు ఫోటోలనూ నేను పక్కపక్కనే ఉంచుతాను. మొదటిదాంట్లో ఆమె పని ఉంది, రెండోదాంట్లో ఆమె ఉంది. ఆ మాట ఆమె అనకపోతే నా దగ్గర మొదటిది ఒక్కటే ఉండేది.

ఈ పద్ధతిని జీవితాంతం పాటించిన ఒకాయన గురించి మీకు చెప్పాలి. అమెరికాలోని బఫెలో నగరంలో మిల్టన్ రొగోవిన్ అనే కళ్లద్దాల డాక్టరు ఉండేవారు. 1972లో ఆయన తన క్లినిక్‌కు దగ్గర్లోని లోయర్ వెస్ట్ సైడ్ అనే పేదపేటలో ఫోటోలు తీయడం మొదలుపెట్టారు. అడిగి తీసేవారు. ఎలా నిలబడాలో, ఎక్కడ కూర్చోవాలో వాళ్లకే వదిలేసేవారు. ప్రింట్లు తెచ్చి ఇచ్చేవారు. 1980లలో, 1990లలో, 2000 తర్వాత కూడా అదే మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ తీశారు. ఒకే కుటుంబం ఫోటోలు నాలుగు వరసగా పెడితే పిల్లలు తల్లిదండ్రులవడం, కొందరు కనిపించకుండా పోవడం మనకే తెలిసిపోతుంది. ఆయన 2011లో 101 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఎంత ప్రతిభ ఉన్నా బయటి నుంచి ఒక వారం కోసం వచ్చినవాళ్లు ఇలాంటి పని చేయలేరు. మీరు చేయగలరు.

అడిగి తీస్తే సహజత్వం పోతుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. మొదటి ఫోటోలో బిగుసుకుపోతారు, నిజమే. కానీ మీరెవరో, ఏం చేస్తున్నారో తెలిశాక మీ కెమెరాను పట్టించుకోవడం మానేస్తారు. నాకు దొరికిన సహజమైన ఫోటోలన్నీ అంతకుముందే అడిగి తీసినవాళ్లవి. బహిరంగ స్థలంలో ఫోటోలు తీయడం గురించి చట్టం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. మీ దగ్గర ఎలా ఉందో కనుక్కోండి. చట్టం ఒప్పుకున్నా నేను పెట్టుకున్న హద్దులు కొన్ని ఉన్నాయి. పెద్దవాళ్లకు చెప్పకుండా పిల్లల్ని తీయను. నిద్రపోయేవాళ్లను, ఏడుస్తున్నవాళ్లను తీయను. ఫోటో డిలీట్ చేయమంటే వాళ్ల ఎదురుగానే డిలీట్ చేస్తాను.

ఇక చోటు సంగతి. మీకేమీ కనిపించకపోవడానికి కారణం, మీరు అక్కడ నడుస్తూ చూడడం. ఒకచోట కూర్చోండి. ఒక్క బెంచీని ఎంచుకుని, అక్కడికి ఎవరెవరు వస్తారో, ఎంతసేపుంటారో, బ్యాగు ఎక్కడ పెడతారో చూడండి. కట్టినవాళ్లు పార్కును ఒకలా అనుకుని కడతారు, వచ్చేవాళ్లు దాన్ని తమకు కావలసినట్టు మార్చుకుంటారు. సిమెంటు బాట చుట్టూ తిరిగి వెళుతుంటే జనం గడ్డి మీదుగా అడ్డంగా నడిచి సన్నటి కాలిబాట వేస్తారు. చేతులు తగిలీ తగిలీ రెయిలింగ్‌లో ఒక్క చోటే రంగు పోయి నున్నగా మెరుస్తుంది. ఎక్సర్‌సైజ్ చేసేవాళ్లు తాళాలు, కళ్లద్దాలు పెట్టే కొమ్మ ఒకటుంటుంది. ఎండ జరిగినకొద్దీ పెద్దవాళ్లు ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి మారుతుంటారు, ఏ వేళకు ఏ బెంచీ నీడలో ఉంటుందో వాళ్లకు తెలుసు. ఇవన్నీ మనుషుల ఆనవాళ్లే. ఎవరూ లేకుండా ఇవి ఒక్కటే తీసినా ఆ ఫోటోలో మనుషులుంటారు. నా దృష్టిలో ఇలాంటివి లేకుండా ముఖాలు మాత్రమే ఉన్న సిరీస్‌లో చోటు కనిపించదు.

ఇంకో పని కూడా చేయండి. ఒక ఫ్రేమ్‌ను నిర్ణయించుకుని, అదే చోట నిలబడి, అదే లెన్స్‌తో, వేర్వేరు వేళల్లో, వేర్వేరు కాలాల్లో తీయండి. హంగేరీలో పుట్టిన ఆంద్రే కెర్టెజ్ 1952లో న్యూయార్క్‌లోని వాషింగ్టన్ స్క్వేర్ పార్కు పక్కన అపార్ట్‌మెంట్‌లో చేరి, 1985లో చనిపోయేదాకా తన కిటికీలోంచీ బాల్కనీలోంచీ ఆ పార్కును తీస్తూనే ఉన్నారు. మంచులో నడిచేవాళ్ల అడుగుజాడలు, కొమ్మల నీడలు, ఒంటరిగా పోతున్న మనిషి. అంతా ఆ కిటికీ కింద ఉన్నదే.

కెమెరా గురించి ఎక్కువ ఆలోచించకండి, ఫోనైనా చాలు. కెమెరా ఉంటే జూమ్ లేని 35 ఎంఎం లేదా 50 ఎంఎం లెన్స్ ఒక్కటే పెట్టుకోండి. దూరం నుంచి జూమ్‌తో తీస్తే మనుషులకు అనుమానం వస్తుంది, పైగా చుట్టూ ఉన్న చోటు ఫ్రేమ్‌లోకి రాదు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్నది) మీద 35 ఎంఎం లెన్స్ అపర్చర్‌ను, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/8 దగ్గర ఉంచి 3 మీటర్లకు ఫోకస్ చేసి పెడితే, దాదాపు 2 మీటర్ల నుంచి 7 మీటర్ల వరకూ స్పష్టంగా వస్తుంది. ప్రతిసారీ ఫోకస్ వెతుక్కోనక్కర్లేదు. నడిచేవాళ్లకు సెకనులో 250వ వంతు, పరుగెత్తే పిల్లలకు 500వ వంతు షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరిచి ఉండే సమయం) పెట్టి, ఐఎస్ఓను (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే సెట్టింగ్) ఆటోలో వదిలేయండి. వెనక ఆకాశం వెలుగుగా ఉంటే ముఖాలు నల్లగా వస్తాయి, అప్పుడు ఎక్స్‌పోజర్‌ను (ఫోటో ఎంత వెలుగుగా రావాలో చెప్పే సెట్టింగ్) +1 చేయండి. వెలుతురుకు తగ్గట్టు రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను డేలైట్‌లో ఉంచితే పొద్దుటి బంగారు రంగు పోదు. సాయంత్రం దీపాల కింద చప్పుడు చేయని సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ వాడితే ఫోటోలో అడ్డంగా చారలు రావచ్చు, అక్కడ మామూలు షట్టరే మంచిది.

కొన్ని నెలలు గడిచాక నచ్చినవాటిని చిన్న ప్రింట్లు తీయించి నేల మీద పరవండి. స్క్రీన్ మీద ఒక్కోటీ విడిగా బాగుంటుంది, నేల మీద పరిస్తే ఏవి ఒకటే మాట మళ్లీ మళ్లీ చెబుతున్నాయో వెంటనే తెలుస్తుంది. నా దగ్గర బెంచీ మీద పేపరు చదివేవాళ్ల ఫోటోలు గుట్టగా తేలాయి, వాటిలో ఒక్కటే ఉంచాను. ఏ ఫోటోలు లేవో కూడా అక్కడే బయటపడుతుంది: మధ్యాహ్నం పార్కు, వాన వెలిశాక పార్కు, గేటు మూసే వేళ.

ఇంటర్నెట్‌లో పెట్టేముందు ఫోటో ఫైల్‌లో దాగి ఉండే జీపీఎస్ లొకేషన్‌ను తీసేయండి. ఎవరు ఏ వేళకు ఎక్కడ ఒంటరిగా కూర్చుంటారో ప్రపంచానికి తెలియాల్సిన పని లేదు. ఇంట్లో చూపించడానికి ఒప్పుకున్నవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టడానికి ఒప్పుకున్నట్టు కాదు, దాన్ని విడిగా అడగండి. ప్రింట్ల వెనక తేదీ, ఫోటోలోని మనిషి చెప్పిన ఒక మాట పెన్సిల్‌తో రాసి పెట్టుకోండి. ఫైళ్లు కనీసం రెండు వేర్వేరు డిస్కుల్లో, మరో కాపీ వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉంచండి.